చెట్టెలుక పనితనం

ఆ షెడ్డులో చేసే పనికి ఒక ముచ్చటైన పేరుంది. కన్ను తెరిపించడం.

రాతిగింజ చెట్టు గింజను ఎడమచేతి వేళ్ల మధ్య ఇరికించుకోవాలి. గింజ ఒక చివర లావు, ఇంకో చివర సన్నం. సన్నని చివర సూదిమొనంత మచ్చ ఉంటుంది, అదే కన్ను. కుడిచేతిలోని ఆకురాయితో ఆ మచ్చ మీద నాలుగు రాపిళ్లు రాపితే నల్లటి పెంకు అరిగి లోపలి పప్పు ఆవగింజంత తెల్లగా కనిపిస్తుంది. అంతే, కన్ను తెరిపించినట్టే. గింజను నీళ్ల బకెట్లో వేసి ఇంకోటి అందుకోవాలి. అలా మనిషికి రోజుకు ఆరువందలు. పెంకు అంత మొండిది మరి. గీకకుండా నాటితే రెండు వానాకాలాలు గడిచినా మట్టిలో గులకరాయిలా పడి ఉంటుంది తప్ప ఉలకదు, పలకదు.

అటవీ నర్సరీలోని ఆ పొడవాటి బల్ల దగ్గర ఆరుగురు ఆడవాళ్లు కూర్చుంటారు. బల్ల మొదట్లో పెద్దమ్మ. ఆవిడ ముప్పై ఏళ్లుగా అక్కడే, అదే ముక్కాలిపీట మీద. అందరూ పెద్దమ్మా అనే పిలుస్తారు కానీ నిజంగా ఆ వరస ఒక్కడికే, గింజల కోసం చెట్లెక్కే అతనికి. అతని తల్లికి ఆవిడ అక్క. కొత్తగా వచ్చిన అతని పెళ్లానికేమో పెద్దత్తయ్య. ఆ పిల్ల డిగ్రీ చదివింది కాబట్టి నర్సరీలో రికార్డు రాసే పని దొరికింది. పెళ్లయి నలభై రెండు రోజులు, ఉద్యోగంలో చేరి ముప్పై ఒక్క రోజులు. షెడ్డులో ఆమెకు పేరెందుకని కోడలుపిల్ల అనేశారు.

"మా కోతిని కట్టుకున్నావు. వాడి కాళ్లు నేల మీద ఉన్నప్పుడే నాలుగు మాటలు మాట్లాడుకో. తర్వాత దొరకడు," అంది పెద్దమ్మ మొదటిరోజే. బల్లంతా నవ్వింది. కోడలుపిల్ల కూడా నవ్వింది. ఆమెకు ఆ రోజుల్లో దేనికైనా నవ్వు వచ్చేది. గొట్టంలో నీళ్లు తుమ్మినట్టు చప్పుడు చేసినా నవ్వే.

సోమవారం పొద్దున మాత్రం ఎవరూ నవ్వలేదు. కళ్లజోడు సారు మొలకల ట్రే పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. నర్సరీకి పెద్ద ఆయనే. ఒక కళ్లజోడు ముక్కు మీద, ఇంకోటి నెత్తి మీద ఉంటుంది. ఎప్పుడూ ముక్కు మీద లేనిదాని కోసమే వెతుక్కుంటాడు.

"వంద గింజలు నాటితే తొమ్మిది మొలిచాయి. తొమ్మిది! ఈ వానలకి కొండవాలు మీద ఐదువేల మొక్కలు పెట్టాలి. ఎక్కణ్ణుంచి తెస్తాను?"

"రాతిగింజ ఎప్పుడూ మొండిదే కద సారూ," అంది పెద్దమ్మ చేతిలోని ఆకురాయి ఆపకుండా. "పాతిక మొలిస్తేనే గొప్ప."

"పాతికైనా రావాలిగా?" సారు జేబులోంచి గుప్పెడు గింజలు తీసి బల్ల మీద దొర్లించాడు. ప్రతిదానికీ లావు చివర చిన్న చిల్లు, చుట్టూ ఉలితో చెక్కినట్టు పంటిగాట్లు. "ఆరబోసిన అరుగు మీద దొరికాయి. ఎలుకలు! ఎలుక ఎంగిలి చేసిన గింజలు బస్తాలో కలిసిపోతే ఇంకేం మొలుస్తుంది?"

అప్పుడే బస్తా దింపుతున్న చెట్లెక్కే అతను తల పైకెత్తాడు. "అవి ఎలుకలు కావు సార్, చెట్టెలుకలు."

"చెట్టెలుక ఎలుక కాకపోతే ఏంటయ్యా, చెట్టా?"

బల్ల చివర ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. సారు నెత్తి మీది కళ్లజోడు ముక్కు మీదికీ, ముక్కు మీదిది నెత్తి మీదికీ మార్చి, కోడలుపిల్ల ముందు ఒక కాగితం పెట్టాడు. ఎలుకల మందు తెప్పించమని ఇండెంటు.

"శనివారం డబ్బా వస్తుంది. తొర్రలు ఎక్కడెక్కడున్నాయో నీకే తెలుసు," అన్నాడు ఆమె భర్తతో. "తాడు వేసుకుని ఎక్కి తొర్రకో ముద్ద పెట్టెయ్."

అతను బస్తా మూతి కట్టు విప్పుతున్నవాడల్లా మళ్లీ కట్టేశాడు. విప్పడానికి వచ్చాడో కట్టడానికి వచ్చాడో మరిచిపోయినట్టు. కోడలుపిల్ల ఇండెంటు మీద ఎలుకలు అని రాసింది. అక్షరాలు ఎప్పుడూ ముత్యాల్లా వచ్చేవి. ఆ మాట మాత్రం వంకరపోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్లే దారి వదిలి అతను అడవి వైపు తిరిగాడు. "రా, ఒకళ్లని పరిచయం చేస్తాను," అన్నాడు.

"మీ వాళ్లందరూ అయిపోయారనుకున్నానే!"

"ముఖ్యమైనవాళ్లు మిగిలారు."

నర్సరీ కంచె దాటితే ముసలి రాతిగింజ చెట్టు. ఇంకా వెలుతురుంది. ఎండ కింది కొమ్మలు వదిలి పైకొమ్మలు పట్టుకుంది. ఇద్దరూ వేరు మీద భుజం భుజం ఆనించుకుని కూర్చున్నారు. అతను వేలితో చూపించిన చోట, నిలువెత్తు నిచ్చెనలు నాలుగు కలిపినంత ఎత్తులో, ఒక తొర్ర.

ముందు మీసాలు వచ్చాయి. తర్వాత ముక్కు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. స్టవ్ కట్టేశానా లేదా అని గుమ్మంలో నిలబడి ఆలోచించేవాళ్లలా అది తల మాత్రం బయటపెట్టి ఆగిపోయింది.

"ఎప్పుడూ ఇంతే. గాలి అంతా వాసన చూసుకుంటే గానీ అడుగు బయటపెట్టదు," అన్నాడతను ఆమె చెవిలో.

బయటికి వచ్చాక చూస్తే అది ఎలుకలా లేనే లేదు. పిల్లికూనంత ఒళ్లు, బూడిదరంగు వీపు, ఒంటికంటే పొడవైన నల్లటి తోక. ఆ తోక చివర మూడోవంతు తెల్లటి కుచ్చు, కుంచెను సున్నంలో ముంచి తీసినట్టు. నిటారుగా ఉన్న మాను మీద తలకిందులుగా, మెట్లు దిగినంత తీరిగ్గా దిగింది. వెనకపాదాలు వెడల్పుగా, అరికాళ్ల నిండా గరుకు మెత్తలు. కొమ్మ చివరికి వెళ్లినప్పుడు కొమ్మ ఇటు ఊగితే తోక అటు వంగింది, కొమ్మ అటు ఊగితే తోక ఇటు వంగింది. ఒక్కసారి కూడా తడబడలేదు.

"దాని పొట్ట కింద ఏమిటండీ, వేలాడుతున్నాయి?"

"పిల్లలు. రెండు. పాలచన్ను నోట కరుచుకుంటే ఇక వదలవు. తల్లి ఎక్కడికి దూకితే అక్కడికి వేలాడుతూ పోతాయి. పోయినవారం గింజలు కోస్తుంటే నా మోచేతికి ఇంత దూరంలోంచి వెళ్లింది. నన్ను చూసింది. చెట్టుకి ఇంకో కొమ్మ మొలిచిందనుకుందేమో, పట్టించుకోలేదు."

కోడలుపిల్ల నవ్వబోయి ఆగింది. శనివారం ఆ తొర్రలోనే మందుముద్ద పెట్టాలి. పెట్టాల్సింది ఈ చేతులే. అతని అరచేతుల్లో తాడు ఒరుసుకున్న కాయల మీద ఆమె వేలు తనంతట తాను వెళ్లి ఆగింది.

పైన అది కొమ్మల కూడలిలో కుదురుగా కూర్చుని ఒక గింజ తెంపింది. ముందుకాళ్లతో దాన్ని గిరగిరా తిప్పి, లావు చివర నోటి దగ్గరికి రాగానే ఆపింది. కర్ర్, కర్ర్, కర్ర్.

కోడలుపిల్ల ఉలిక్కిపడింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా షెడ్డులో వినే చప్పుడే అది. అచ్చం ఆకురాయి చప్పుడు. రాయితో కొడితే తప్ప పగలని పెంకుకి, కళ్లముందే గుండ్రటి చిల్లు పడింది. కింది పళ్లతో లోపలి పప్పు కాస్త గీరుకుని తిన్నది. సగం కూడా తినలేదు, కిందకి వదిలేసి ఇంకోటి తెంపింది.

"అయ్యో, పారేసిందే!"

"అన్నీ ముందుంటే నువ్వు మాత్రం? ప్రతి గిన్నెలో వేలు పెట్టి చూడవూ?"

ఆమె అతని భుజం మీద ఒకటి వేసి, పడిన గింజ కోసం వంగింది. వంగినదల్లా అలాగే ఉండిపోయింది. చెట్టు కింద ఆకులు తొలగిస్తే చిల్లుగింజలు పదులకొద్దీ ఉన్నాయి. చాలావాటికి మొలకలు. ఏళ్ల తరబడి మొండి మొండి అని తిట్టించుకున్న రాతిగింజలు, ఎవరూ నీళ్లు పొయ్యకుండానే, ఎంగిలి అయ్యి, తెల్లటి వేళ్లు మట్టిలో దించి నిలబడ్డాయి. ఒక్కొక్కటే తిప్పి చూసింది. చిల్లు లావు చివర. వేరు మాత్రం రెండోవైపు కన్నులోంచి బయటికి వచ్చింది.

"ఏమండీ, ఇది ఎప్పుడూ ఇటునుంచే కొరుకుతుందా?"

"ఎప్పుడూ. నేను వందసార్లు చూశాను. కన్ను జోలికి పోదు."

"మరి మనం?"

అతను ఒక గింజ అందుకుని ఒకసారి ఆ చివరా, ఒకసారి ఈ చివరా తిప్పి చూశాడు.

ఆ రాత్రి వంటింటి గట్టు మీద కోడలుపిల్ల గుప్పెడు గింజలు పరుచుకుంది. ఒక గింజను నీళ్లలో మరిగించి మెత్తబరిచి, కూరగాయల కత్తితో నిలువుగా రెండు చెక్కలు చేసింది. కాలేజీలో ఇలాంటి బొమ్మ పెన్సిలుతో ఎన్నిసార్లు గీసిందో, ఎన్ని మార్కులు తెచ్చుకుందో. గింజను కోసి చూడాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు చూసింది. గింజంతా పప్పే. లావు చివర ఉన్నదంతా తిండి. మొలక మొన మాత్రం సన్నని చివర, సరిగ్గా కన్ను వెనక, తలుపుకి చెవి ఆనించి వింటున్న పసిపిల్లలా నక్కి ఉంది.

"అమ్మో," అంది. "తలుపు తీస్తున్నామనుకుని, తలుపు వెనక నిలబడ్డదాని ముక్కు కోసేస్తున్నామండీ మనం."

అతను రెండు టిఫిను డబ్బాలు తెచ్చాడు. అడుగున తడిబట్ట పరిచారు. ఇరవై గింజలు షెడ్డు పద్ధతిలో కన్ను దగ్గర గీకి ఒకదాంట్లో, ఇరవై చెట్టెలుక పద్ధతిలో వెనక గీకి ఇంకోదాంట్లో వేశారు. ఎలుక డబ్బాకి ఎర్రదారం కట్టారు, మనుషుల డబ్బాకి తెల్లదారం. ఆమెకు గీకడం చేతకాలేదు. రెండుసార్లు వేలే గీక్కుంది. అతనికి అంతకంటే రాలేదు.

"పెద్దమ్మ చేతిలో అయితే వెన్నలా తెగుతుంది," అన్నాడు.

ఆ మాటతో ఇద్దరి చేతులూ ఒకేసారి ఆగాయి.

మంగళవారం డబ్బాలు తెరిచి చూశారు. బుధవారం నాలుగుసార్లు చూశారు. ఎర్రదారం గింజలు నీళ్లు తాగి ఉబ్బాయి. గురువారం, అన్నం వండుతూ చూసింది, తల దువ్వుకుంటూ చూసింది, తాళం వేసి మళ్లీ తీసి చూసింది. ఏమీ లేదు. శుక్రవారం పొద్దున ఎర్రదారం డబ్బాలో ఒక గింజ కన్ను దానంతట అదే విచ్చుకుని, లోపలినుంచి తెల్లటి మొన తొంగిచూసింది. ఆమె పెట్టిన కేకకి అతను సబ్బునురగతోనే స్నానాలగదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. సాయంత్రానికి ఎర్రదారంలో ఇరవైకి పద్నాలుగు. తెల్లదారంలో ఒకటే ఒకటి, అదీ మొన నల్లబడి.

"పద, సారు దగ్గరికి," అన్నాడతను.

ఆమె కదల్లేదు. "వెళ్తే ఏమవుతుందో ఆలోచించారా? రేపు ఆరుగురి ముందు డబ్బా పెట్టి, ఇన్నాళ్లూ గింజల్ని చంపింది నువ్వా అని పెద్దత్తయ్యని అడుగుతారు."

"అడక్కపోతే నేను రేపు ఆ తొర్రలో చెయ్యి పెట్టాలి. నా వల్ల కాదోయ్. పని మానేస్తాను గానీ పెట్టను."

"మానెయ్యక్కర్లేదు. ముందు ఆవిడకే చూపిద్దాం."

పెద్దమ్మ తన ఇంటి ముందుగదిలో కిటికీ దగ్గర కూర్చుని గోళ్లలోని నల్లటి పెంకుపొడి పిన్నీసుతో తీసుకుంటోంది. రోజూ తీసినా రోజూ ఉండేదే అది. వేళ్ల కొసలు ఏళ్ల తరబడి ఆకురాయికి అరిగి నున్నగా మెరుస్తుంటాయి. కోడలుపిల్ల రెండు డబ్బాలూ ఆవిడ పక్కన పెట్టి మూతలు తీసింది. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంది.

చెప్పక్కర్లేకపోయింది. పెద్దమ్మ తెల్లదారం గింజ ఒకటి తీసి చూసింది. ఎర్రదారం గింజ తీసి చూసింది. రెండూ పక్కపక్కన పట్టుకుని వెలుతురులో తిప్పింది. ఆవిడ చేతుల్లో పడ్డాక గింజ రహస్యం దాచుకోలేదు.

"ఇది ఎవరు గీకారు?"

"నేనే, పెద్దత్తయ్యా."

"గాటు వంకరగా ఉంది." గింజ తిరగేసింది. "వెనకనించి గీకమని ఎవరు చెప్పారు?"

"చెట్టెలుక," అన్నాడు గుమ్మంలోంచి అతను.

పెద్దమ్మ అతనివైపు చూడలేదు. "నేను చేరిన రోజు మా మేస్త్రమ్మ గింజ చేతిలో పెట్టి, కన్ను తెరిపించమ్మా అంది. కన్ను తెరిపించమంటే కన్నే తెరిపించాను. ఇంకెక్కడ తెరుస్తారు?" గొంతులో కోపముంది. ఎవరి మీదో ఆవిడకే తెలియనట్టుంది. "వాడు రేపు మందు పెడతాడా?"

"పెట్టనంటున్నారు."

"పెట్టకపోతే పనిలోంచి పంపించేస్తారు."

ఆవిడ మూతలు రెండూ పెట్టేసి, డబ్బాలు కోడలుపిల్ల ఒళ్లోకి నెట్టింది. "పొద్దున పనికి పోవాలి. వెళ్లండి," అంది.

శనివారం ఎలుకల మందు డబ్బా వచ్చింది. సారు దాన్ని బల్ల మధ్యలో పెట్టి, చేతులకి అంటుకుంటుందేమోనని వేళ్లు రుమాలుతో తుడుచుకున్నాడు. చెట్లెక్కే అతను తాడు భుజాన వేసుకుని వచ్చాడు గానీ డబ్బా ముట్టుకోలేదు. టిఫిను డబ్బాలు రికార్డు పుస్తకం కింద ఉన్నాయి. కోడలుపిల్ల పెద్దత్తయ్య ముఖంలోకి చూసింది. ఆవిడ చూపు ఆకురాయి మీదే ఉంది. ఈ పక్క మొగుడు, ఆ పక్క పెద్దావిడ. ఆమె చేతులు పుస్తకం మీద పెట్టుకుని, ఎత్తాలో వద్దో తెలియక అలాగే కూర్చుంది.

"ఏమయ్యా, కదులు," అన్నాడు సారు.

"నేను ఎక్కను సార్."

"ఎక్కవా? చెట్లెక్కడానికే కదా నిన్ను పెట్టుకున్నది!"

"సారూ, ఒక్క నిమిషం."

ఆకురాయి చప్పుడు ఆగింది. పెద్దమ్మ ముక్కాలిపీట మీంచి లేచింది. పని మధ్యలో ఆవిడ లేవడం ఆ షెడ్డులో ఎవరూ చూసి ఎరగరు. మిగిలిన ఐదు ఆకురాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఆవిడ నడిచి వచ్చి, కోడలుపిల్ల చేతులు పక్కకి జరిపి, పుస్తకం ఎత్తి డబ్బాలు తీసుకుంది. మందు డబ్బాను మోచేత్తో పక్కకి నెట్టి, ఆ చోట్లో వాటిని తెరిచి పెట్టింది. ఎర్రదారంలో రాత్రికి రాత్రి ఇంకో మూడు మొలిచాయి.

"ఇవి ఎలుక కొరికినట్టు గీకినవి. ఇరవైకి పదిహేడు. ఇవి నేను నేర్పినట్టు గీకినవి. ఇరవైకి ఒకటి."

"పెద్దమ్మా, నువ్వు తప్పు చెయ్యడమేంటి!" అంది పక్కపీట ఆవిడ, తనని తిట్టినట్టు.

"ఊరుకో. చూస్తున్నాగా కళ్లతో." గింజ ఒకటి తీసి సారు అరచేతిలో పెట్టింది. "మొలక మొన కన్ను కిందే ఉంటుంది సారూ. పాత ఆకురాళ్లు మొద్దువి, పైపైన పోయేవి, పాతికైనా బతికేవి. ఈ ఏడు కొత్తవి ఇచ్చారుగా, మహా పదును. తిన్నగా మొన దాకా దిగాయి. తొమ్మిదే మొలవడానికి కారణం నా చెయ్యి. ఎంగిలి కాదు."

సారు కళ్లజోడు మార్చాడు. మళ్లీ మార్చాడు. గింజను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. వచ్చేటప్పుడు అడుగుల్లో మునుపటి దూకుడు లేదు.

"ముప్పై ఏళ్లలో మేమెవరం అడగలేదు కదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "నువ్వొక్కదానివే ఎలా అవుతావు?" తర్వాత కోడలుపిల్ల వైపు తిరిగాడు. "ఆ ఇండెంటు కొట్టెయ్. డబ్బా వెనక్కి పంపించు."

"కారణం అని ఒక గడి ఉంది సార్. ఏం రాయమంటారు?"

సారు తల గోక్కున్నాడు. నెత్తి మీది కళ్లజోడు చేతికి తగిలింది. "ఎలుకలు కావు, చెట్టెలుకలు అని రాయ్," అన్నాడు.

బల్లంతా భళ్లున నవ్వింది. ఆయనా నవ్వాడు. చెట్లెక్కే అతను భుజం మీది తాడు తీసి మేకుకి తగిలించబోయి, మళ్లీ వేసుకుని, ఐదువేలకి గింజలు చాలవు కదా అంటూ బయటికి దాదాపు పరిగెత్తాడు. కోడలుపిల్ల ఆ గడిలో అక్షరం అక్షరం దిద్ది రాసింది.

నవ్వులు సద్దుమణిగాక పెద్దమ్మ తన పీట మీద కూర్చుని గింజ అందుకుంది. వెనక్కి తిప్పి లావు చివర గీకింది. బకెట్లో వేసింది. రెండోది కూడా వెనకే. మూడోది వేళ్ల మధ్యకి రాగానే దానంతట అదే తిరిగి, కన్ను పైకి పెట్టుకుంది. ఆకురాయి దాని మీద ఒక రాపిడి రాపేసింది కూడా.

"ఏయ్!" అంది పెద్దమ్మ తన చేతిని.

ఆ గింజను పక్కన పడేసింది. ఇంకోటి తీసింది. నాలుగు బాగానే పోయాయి, ఐదోది మళ్లీ తిరిగింది. ముప్పై ఏళ్లు ఒకే దారిన నడిచిన చెయ్యి, యజమాని మాట వినకుండా ఇంటికి మళ్లే ఎద్దులా మళ్లిపోతోంది. పక్కపీటల వాళ్లు చూడనట్టు తలలు వంచుకున్నారు. వాళ్ల చేతులూ అలాగే చేస్తున్నాయి. కోడలుపిల్ల రికార్డు వదిలి వచ్చి, ఏం సాయం చెయ్యాలో తెలియక, ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది.

పెద్దమ్మ ఆకురాయి కింద పెట్టి, ఒక గింజను పట్టుకుని ఊరికే చూస్తూ ఉండిపోయింది. బయట చెట్లలోంచి కొమ్మ విదిలించిన చప్పుడు, రాలిన గింజల టపటపలు వినిపించాయి. కాసేపటికి ఆవిడ ఎడమచేతి బొటనవేలు మెల్లగా జరిగి, గింజ సన్నని చివర మీద, సరిగ్గా కన్ను మీద వాలింది. నొక్కలేదు. నిద్రపోయే పాపాయి కళ్ల మీద ఎండ పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టినట్టు కప్పింది. ఇక అటువైపు ఆకురాయికి చోటు లేదు. తన వేలు తనే గీక్కోవాలి.

గీకింది. ఇంకోటి తీసింది, బొటనవేలు పెట్టింది, గీకింది. పది, పదిహేను, ఒక్కటీ తిరగలేదు. పక్కపీట ఆవిడ ఓరకంట చూసి తన బొటనవేలూ జరుపుకుంది. తర్వాత ఆ పక్కావిడ. బల్ల పొడవునా, ఒక్కొక్క చేతిలో, ఒక్కొక్క కన్ను మూతపడింది.

"అలా చూస్తావేం?" అంది పెద్దమ్మ, తల ఎత్తకుండానే, ఒక ఆకురాయి కోడలుపిల్ల వైపు జరుపుతూ. "వేలు గట్టిగా పెట్టు. కోసుకున్నా సరే, తియ్యకు."